గట్టి బుష్షులతో అడిలైడ్ దాకా

ఆస్ట్రేలియా వెళ్ళొచ్చానని తెలిసిన ప్రతివాళ్ళూ కంగారూలను చూశావా అనే అడుగుతున్నారు. చూశాను. ఎక్కువ భాగం రోడ్డు పక్కన చచ్చి పడి ఉన్నవే. సిడ్నీలో ఆ పెద్ద వంతెనా చూశాను, పార్కింగ్ దొరక్క కారు అద్దంలోంచే. నేను వెళ్ళింది వాటి కోసం కాదు. సూట్‌కేసులో చీరల మడతల మధ్య ఎనిమిది రబ్బరు బుష్షులు పెట్టుకుని, వాటిని ఒకావిడకి చూపించి ఆర్డరు తెచ్చుకోవడానికి వెళ్ళాను.

విజయవాడ ఆటోనగర్‌లో మాకో చిన్న రబ్బరు యూనిట్ ఉంది. మా ఆయన లెక్కలు చూస్తారు, నేను వేడి అచ్చుల్లో రబ్బరు పోసి నొక్కే ప్రెస్సులు చూస్తాను. బుష్షంటే కారు చక్రాన్ని పట్టుకునే ఇనప కడ్డీకీ బాడీకీ మధ్య కూర్చునే రబ్బరు ముక్క. చక్రం గుంతలో పడితే ఆ దెబ్బ మన నడుముకి తగలకుండా అది మింగుతుంది. చాలా ఏళ్ళు మా బుష్షులు చెన్నై దగ్గరున్న ఒక అమెరికా కార్ల ఫ్యాక్టరీకి వెళ్ళేవి. ఆ కంపెనీ మన దేశంలో జపాన్ వాళ్ళతోనూ కొరియా వాళ్ళతోనూ నెగ్గుకురాలేక మూసేసుకుని వెళ్ళిపోయింది. మా మూడు ప్రెస్సుల్లో రెండు చల్లబడ్డాయి. మా షెడ్డు కొనుక్కోవాలని ఒక టైర్ల గోడౌను ఆయన టేపు పట్టుకొచ్చి కొలుచుకుని కూడా పోయాడు.

అలాంటప్పుడు అడిలైడ్ నుంచి లిన్ అనే ఆవిడ మెయిలు పెట్టింది. చెన్నైలో మా సరుకు కొన్న ఇంజినీరు ఒకాయన ఇప్పుడు ఆ దేశంలో ఉంటాడు, ఆయన మా పేరు చెప్పాడట. అక్కడా ఇదే కథ. ఒక అమెరికా కంపెనీ తరాల తరబడి ఆ ఊళ్ళో కార్లు చేసి, విదేశీ కార్లతో పోటీపడలేక ఫ్యాక్టరీ మూసేసింది. కార్లు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, విడిభాగాలే కరువయ్యాయి. లిన్‌లాంటి గ్యారేజీల వాళ్ళు కొందరు కలిసి బుష్షులు చేసిపెట్టేవాళ్ళ కోసం వెతుకుతున్నారు. ఆవిడ ఒక ఒరిజినల్ పంపింది, మేం నమూనాలు చేశాం. వాటిని పోస్టులో పంపినా సరిపోయేది. కానీ ఈ ఆర్డరు రాకపోతే షెడ్డు ఉండదు. అందుకని నేనే బయల్దేరాను.

గిరావీన్

మా పిన్ని కొడుకు రవి సిడ్నీకి పడమటి వైపు గిరావీన్‌లో ఉంటాడు. పారమట్టాలో బ్యాంకు ఉద్యోగం. సాయంత్రం వాళ్ళ వీధిలో నడిస్తే ప్రతి మూడో ఇంట్లోంచి తిరగమోత వాసన వస్తుంది. కందిపప్పు నుంచి కరివేపాకు దాకా అన్నీ దొరుకుతాయి. గోంగూర కట్ట ధర విన్నాక మాత్రం దాన్ని దూరం నుంచే పలకరించి వచ్చేశాను.

ఇళ్ళ ముందు నిలబెట్టిన కార్లు చూసుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళాను. జపాన్, కొరియా, జర్మనీ, మెరిసిపోతున్న చైనా కార్లు. నేను బుష్షులు చేసిన పెద్ద కారు ఒక్కటీ కనపడలేదు. గుండెలో కాస్త గుబులు పుట్టింది. రవి కూతురు అనన్యని అడిగాను, పెద్దయ్యాక ఏ కారు కొనుక్కుంటావే అని.

"ఎనీథింగ్ ఎలెక్ట్రిక్, అత్తా. ఐ డోంట్ కేర్ హూ మేక్స్ ఇట్," అంది ఫోన్‌లోంచి తలెత్తకుండా.

ఎవరు చేశారన్నది దానికి పట్టదట. చేసేవాళ్ళలో ఒకత్తె ఎదురుగా కూర్చుని పులిహోర తింటోందని పిల్లకి తట్టలేదు పాపం.

"అక్కా, నువ్వు మ్యూజియంకి స్పేర్లు అమ్మడానికి వచ్చావే," అన్నాడు రవి. "ఆ కార్లు కొనేవాళ్ళు ఎవరున్నారిప్పుడు? నేనే నెక్స్ట్ ఇయర్ చైనా ఈవీ తీసుకుంటన్నా. డీల్ అదిరిపోయింది. అయినా అడిలైడ్‌కి ఫ్లైట్‌లో రెండు గంటలే. రోడ్డు మీద దేనికి?"

"బుష్షు చేసేదాన్ని రోడ్డు చూడకుండా ఎట్టా పోతానురా?" అన్నాను. వాడు వారం సెలవు పెట్టాడు. తిట్టుకుంటూనే పెట్టాడు గానీ, బండిలో పాటలు ముందు రోజే సర్దుకున్నాడని వాళ్ళావిడ చెప్పింది.

వాగా వాగా

ఊరి పేరే రెండుసార్లు చెప్పాలి. మేం వెళ్ళింది జూన్‌లో. విజయవాడలో రోహిణి కార్తె ఎండలు తిని వెళ్ళినదాన్ని, అక్కడ పొద్దున్నే కారు అద్దం మీద మంచు గడ్డకట్టి ఉంటే నా క్రెడిట్ కార్డుతో గీకాను. రవి ఫొటో తీసి వాళ్ళ కుటుంబం గ్రూపులో పెట్టాడు.

టిఫిన్‌కి బేకరీకి వెళ్ళాం. అక్కడ టిఫినంటే మాంసం కూరిన పై. శాకాహారిననగానే ఆ అమ్మాయి జాలిగా చూసి పాలకూర రోల్ ఇచ్చింది. కాఫీ ఆరు డాలర్లు. మా బెంజిసర్కిల్ దగ్గర ఆ డబ్బుతో వీధంతా తాగొచ్చు అనుకోవడం మొదటి రెండు రోజులే, తరవాత అలవాటై నేనే రెండోది అడగడం మొదలుపెట్టాను.

పక్క బల్ల దగ్గర కూర్చున్న ముసలాయన రైతు. బయట ఆయన బండి ఉంది, వెనక తొట్టి ఉన్నది. దాన్ని వాళ్ళు యూట్ అంటారు. ఎక్కడ నుంచి, ఎక్కడికి అని ఆయనే పలకరించాడు. ఆ అడగడం అచ్చం మన బస్సులో అడిగినట్టే ఉంది, హాయిగా అనిపించింది. పని చెప్పి సంచీలోంచి బుష్షు తీసి చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆయన చిన్నప్పుడు దేశం రెండు జట్లుగా ఉండేదట. రెండూ అమెరికా కంపెనీలే. ఒక ఇంట్లో ఒక కంపెనీ కారు ఉంటే మూడు తరాలూ అదే. ఏటా జరిగే కార్ల పందెం రోజున రెండు జట్లవాళ్ళూ ఎదురెదురు గుట్టల మీద కూర్చుని తిట్టుకునేవాళ్ళు. ఆయన చెల్లెలు అవతలి జట్టు అబ్బాయిని చేసుకుంటే వాళ్ళ నాన్న ఆర్నెల్లు మాట్లాడలేదట. నాకు మా ఊళ్ళో సినిమా హీరోల అభిమాన సంఘాలు గుర్తొచ్చాయి. కటౌట్లకి పాలాభిషేకం తప్ప మిగతాదంతా జరిగిందక్కడ.

"మరి ఆ బయట ఉన్న బండి?" అన్నాను.

ఆయన నవ్వాడు. "అది జపాన్ వాళ్ళది. థాయ్‌లాండ్‌లో చేశారు. నాన్న చూస్తే కొట్టేవాడు. కానీ అమ్మాయ్, తెల్లారగట్ల గొడ్ల దగ్గరికి వెళ్ళాలంటే నాకు స్టార్టయ్యే బండి కావాలి. నాన్న ప్రేమించిన బండి ఒక చలికాలంలో మూడుసార్లు నన్ను పొలంలో నిలబెట్టేసింది."

ఆయన మా బుష్షుని చేత్తో నొక్కి చూసి గట్టిగా ఉందే అన్నాడు. "ఒరిజినల్ కంటే ఒక పిసరు గట్టిగా చేశాం. ఎక్కువ కాలం మన్నుతుంది," అన్నాను. ఆ మాట లిన్ దగ్గర ఎలా చెప్పాలో విజయవాడలోనే ఇంగ్లీషులో వల్లెవేసుకుని వచ్చాను.

హే మైదానం

వాగా దాటాక హే అనే ఊరి చుట్టూ ఉన్న నేలని ఏమని వర్ణించను. చెట్టు లేదు, గుట్ట లేదు, మలుపు లేదు. దివిసీమలో కూడా దూరాన ఒక తాటిచెట్టయినా కనిపిస్తుంది. ఇక్కడ రోడ్డు గీత, పైన ఆకాశం, మధ్యలో రవి పాడే పాత పాటలు. అప్పుడప్పుడు మూడు ట్రైలర్ల లారీ ఎదురొస్తే మా బండి పక్కకి ఊగేది.

రోడ్డు కుదుపులు మాత్రం నాకు తెలియడం లేదని చెబితే రవి నమ్మలేదు. "అక్కా, ఇది రఫ్ ప్యాచ్. అందరూ కంప్లైంట్ చేస్తారు," అన్నాడు. నేను కిటికీలోంచి వంగి రోడ్డు చూశాను. మా ఆటోనగర్ వంద అడుగుల రోడ్డులో ఇలాంటి ముక్క వేస్తే శిలాఫలకం పెట్టి ప్రారంభోత్సవం చేస్తారు.

దారిలో ఒకటి గమనించాను. అమెరికా బళ్ళు ఆ దేశంలోంచి పూర్తిగా పోలేదు. లారీ అంత పెద్ద పికప్ ట్రక్కులు అక్కడక్కడ ఎదురవుతున్నాయి. వాటిని అమెరికా నుంచి తెప్పించి స్టీరింగ్ కుడిపక్కకి మార్పించుకుంటారట. అమెరికా వాళ్ళకి ఏది చేయడం వచ్చో అదే చేసి పంపుతున్నారు. జపాన్ వాడు మాత్రం ఆ రైతుకి ఏం కావాలో కనుక్కుని చేశాడు. నేను ఈ తేడాని ఎంతో తెలివైన ఆలోచనలా రవికి ఉపన్యాసం ఇచ్చాను. వాడు వింటున్నట్టు నటిస్తూ చిప్స్ తిన్నాడు. ఒళ్ళో సంచీలో ఏం పెట్టుకుని ఆ ఉపన్యాసం ఇస్తున్నానో నాకే తోచలేదు.

సరిహద్దు

రాత్రి మిల్డూరాలో ఉండి పొద్దున్నే బయల్దేరాం. ఊరి చివర నారింజ తోటలు. రోడ్డు పక్కన ఒక చెక్క బల్ల, దాని మీద నారింజల సంచులు, పక్కన డబ్బులు వేసే డబ్బా. మనిషి లేడు. నాకు చాలాసేపు నమ్మకం కుదరక అటూ ఇటూ చూశాను. "ఎవరూ రారక్కా. నువ్వు వేస్తావని వాళ్ళ నమ్మకం," అన్నాడు రవి. ఆ నమ్మకానికి ముచ్చటేసి ఒకటి చాలదని రెండు సంచులు కొన్నాను. లిన్‌కి ఒకటి ఇద్దామని.

గంట దాటగానే పక్క రాష్ట్రం సరిహద్దు. అక్కడ ఒక అధికారి బండి ఆపి పళ్ళున్నాయా అన్నాడు. పండు ఈగ రాకుండా కట్టుదిట్టం, ఒక్క నారింజ కూడా లోపలికి పోకూడదు. చూపించిన డబ్బాలో పడేయాలి. రవికి ఈ సంగతి తెలుసట, మర్చిపోయాడట.

"సారీ అక్కా, టోటల్లీ స్లిప్డ్ మై మైండ్."

"నీ మైండు సంగతి తరవాత చూద్దాం. పారేయను. తింటాను," అన్నాను. అధికారి అభ్యంతరం చెప్పలేదు. డబ్బా పక్కన నిలబడి చలిలో వణుకుతూ ఇద్దరం ఒలుచుకుని తిన్నాం. ఒక సంచీ కూడా పూర్తి కాలేదు. ఆఖరికి ఆయనే వచ్చి ఒకటి అందుకుని తిని, మిల్డూరావి ఎప్పుడూ బాగుంటాయని చెప్పి, మిగిలినవి పడేయించాడు. మా ఆవకాయ సీసాని మాత్రం తిప్పి తిప్పి చూసి వదిలేశాడు.

మాసన్ లేక్స్

అడిలైడ్‌కి ఉత్తరాన మాసన్ లేక్స్‌లో చెరువు పక్కన గది తీసుకున్నాం. యూనివర్సిటీ పిల్లలు, బాతులు, వరసగా ఒకేలా ఉన్న ఇళ్ళు. లిన్ గ్యారేజీ అక్కడికి దగ్గర్లోనే, పాత ఫ్యాక్టరీ వైపు.

లిన్ పొట్టిగా, చురుగ్గా ఉంది. వియత్నాం నుంచి చిన్నపిల్లగా వచ్చింది. ఫ్యాక్టరీ మూసేదాకా అందులో చక్రాల కింది భాగాలు బిగించే లైనులో పనిచేసింది. మేడం అని పిలిస్తే, "జస్ట్ లిన్," అంది. మా బుష్షు ఒకటి తీసుకుని రబ్బరు గట్టిదనం కొలిచే చిన్న మీటరు సూది దానికి గుచ్చింది, అంకె చూసింది. ఏమీ అనలేదు. ఆటోనగర్‌లో ఎవరైనా ఏమీ అనకపోతే బేరం మొదలైనట్టు. నేను ధైర్యంగా ఉన్నాను.

గ్యారేజీలో ఒకే మోడల్ కార్లు రెండున్నాయి, నీలంది, తెల్లది. నీలందానికి ఆఖరి ఒరిజినల్ బుష్షులు ఉన్నాయి. ఆ సాయంత్రం తెల్లదానికి మావి బిగించి, మర్నాడు మమ్మల్ని రెండింటిలో ఒకే రోడ్డు మీద తిప్పింది.

ముందు నీలం కారు. వెడల్పాటి మెత్తటి సీట్లు, పొడుగు బానెట్టు. ఇంజను దూరంగా ఎక్కడో ఉన్నట్టుంది. రోడ్డు అతుకుల మీద పోతుంటే కారు ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలినట్టు ఉంది, అంతే. వెనక్కి చూస్తే రవి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

తరవాత తెల్లది. అదే రోడ్డు, అదే వేగం. ప్రతి అతుకూ చిన్నగా వీపుకి తగిలింది. నాకైతే ఏ ఇబ్బందీ లేదు, మాకు అలవాటే. కానీ రవి నిద్రపోలేదు. నాలుగో అతుకు దగ్గర వాడి కాఫీ ప్యాంటు మీద పడింది.

లిన్ కారు పక్కకి ఆపింది. "గట్టిగా ఉంది. పొరపాటున అయిందా, కావాలని చేశావా?"

"కావాలనే," అన్నాను. వల్లెవేసిన ఇంగ్లీషంతా ఒక్కసారిగా ఒలకబోశాను. మా ఊళ్ళో లోడెక్కువ, రోడ్లు పాడు, గట్టిగా ఉంటేనే కొంటారు, ఇది ఒరిజినల్ కంటే ఎక్కువ కాలం ఉంటుంది, నీ కస్టమర్‌కి లాభమే కదా అన్నాను.

"మంచి పార్టే," అంది లిన్. "మీ ఊళ్ళో అమ్ము. నేను దీన్ని తీసుకోను."

ఒళ్ళు మండింది. అంత దూరం నుంచి వస్తే కనీసం ఆలోచించి చెబుతాననైనా అనొచ్చుగా. మా దగ్గర ఎవరూ ముఖం మీద కాదనరు. చూద్దామంటారు, ఫోన్ చేస్తామంటారు, మనమే అర్థం చేసుకుంటాం. ఆ క్షణాన నాకు టైర్ల గోడౌను ఆయన, ఆయన టేపు కళ్ళ ముందు కనిపించాయి.

ఆవిడ కోపంగా లేదు. మమ్మల్ని ఒక చిన్న బేకరీకి తీసుకెళ్ళి కొత్తిమీర, కూరగాయలు కూరిన రొట్టె తినిపించింది. నేను ఆవకాయ తీస్తే రొట్టెలో పెట్టుకుని రెండోసారి అడిగింది. ఫ్యాక్టరీ ఎందుకు మూతపడిందని అడిగాను.

"ఎవర్నడిగితే వాళ్ళు ఒక కారణం చెబుతారు. డాలర్ విలువ పెరగడమంటారు, జీతాలంటారు, దిగుమతి సుంకం తగ్గించిన ప్రభుత్వమంటారు, అమెరికాలో కూర్చున్న పెద్దలంటారు. అన్నీ నిజమే. కానీ నేను మా పార్కింగ్ చూసేదాన్ని. మేం లోపల పెద్ద కారు చేస్తుంటే, బయట మా సొంత బళ్ళలో జపాన్‌వి, కొరియావి ఏటా పెరుగుతుండేవి. నాతోపాటు లైనులో నిలబడే మనిషే కొరియా కారు కొన్నాడు. నేనూ కొన్నాను, పిల్లల్ని స్కూలుకి దింపడానికి జపాన్ చిన్న కారు. మేం చాలా మంచి కారు చేశాం. మాకే అది అక్కర్లేకపోయింది."

ఆవిడ కళ్ళు తడిశాయి. నేనేం కారు నడుపుతానని అడగలేదు కాబట్టి బతికిపోయాను. మా ఇంటి ముందుంది కొరియా కారు. చెన్నై ఫ్యాక్టరీకి సరుకు ఇస్తున్న రోజుల్లోనే కొన్నాం, మైలేజీ చూసి.

ఆ చెన్నై ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్ళూ డ్రాయింగులో అంకె ఎంతుంటే రబ్బరు అంతే ఉండేది. పిసరు తేడా వస్తే లాటంతా వెనక్కి పంపేవాళ్ళు. వాళ్ళు పోయాక గట్టిదనం చూసే మీటరు బీరువా పైకెక్కింది, మేం మళ్ళీ ఆటోనగర్ పద్ధతిలో పడ్డాం. అక్కడ కొట్లో బేరగాడు బుష్షుకి గోరు గుచ్చి చూస్తాడు. గోరు దిగితే మెత్తగా ఉందని పక్కన పెట్టేస్తాడు. అందుకని పక్క షెడ్డు వాడు ఒక పిసరు గట్టిగా చేస్తే నేను ఇంకో పిసరు. లిన్ పంపిన ఒరిజినల్‌కి కూడా మా అలవాటు కొద్దీ మెరుగులు దిద్దాం. ఆవిడకి ఏం కావాలని ఒక్క ముక్క అడగలేదు. సిగ్గేసింది నాకు.

"మళ్ళీ చేసి పంపనా?" అన్నాను.

"పంపు. కానీ ఇంకో దేశం నుంచి కూడా నమూనాలు వస్తున్నాయి. ముందు ఏది సరిగ్గా ఉంటే అది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ కార్లు ఏటా తగ్గుతాయి. ఇది నీకు జీవితాంతం వ్యాపారం కాదు," అంది.

గ్యారేజీ బయట నిలబడి మా ప్రెస్సు మేస్త్రీ కోటేశ్వరరావుకి ఫోన్ చేశాను.

"అమ్మగారూ, అంత మెత్తగా పోస్తే గోరు దిగుద్దండీ. మన పేరు పోద్ది," అన్నాడు.

"ఇక్కడ గోరు గుచ్చేవాళ్ళు లేరయ్యా. వీళ్ళు కార్లో కూర్చుని చూస్తారు. ఒరిజినల్ ఎంతుంటే అంతే పోయండి. బీరువా మీద మీటరు దించండి."

"మీరొచ్చాక చూద్దాం లెండి," అన్నాడు.

"నేనొచ్చేలోపే పోయాలి," అన్నాను.

తిరుగు దారిలో రవి నన్ను ఆట పట్టించలేదు. హే మైదానంలో ఒకచోట బండి ఆపి, "అక్కా, ఆర్డర్ వస్తదంటావా?" అని మాత్రం అడిగాడు. తెలీదురా అన్నాను. నిజంగానే తెలీదు. భయంగా ఉందని కూడా చెప్పాను. ఇద్దరం ఆ ఖాళీ నేల వైపు చూస్తూ ఫ్లాస్కులో టీ తాగాం.

ఆటోనగర్

నేనొచ్చేసరికి కోటేశ్వరరావు పోశాడు, కానీ సణుగుతూ పోశాడు. మొదటి విడత ఒక పిసరు గట్టిగానే వచ్చింది. చెయ్యి అలవాటు అంత తేలిగ్గా పోదు. రెండోది మరీ మెత్తనైంది. మూడోది మీటరు సరిగ్గా ఒరిజినల్ అంకె చూపించింది. పంపేశాం. టైర్ల గోడౌను ఆయన ఆ వారంలో ఫోన్ చేస్తే, నెలాఖరుకి చెబుతామన్నారు మా ఆయన.

నెల గడవకముందే, పనివాళ్ళు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుంటుండగా లిన్ మెసేజ్ వచ్చింది. తెల్ల కారుకి బిగించి అదే రోడ్డు మీద నడిపిందట. "నేను లైనులో బిగించి పంపిన కారు ఇదే. ఆర్డరు నీకే, మొదటి లాటు పంపించు," అని రాసింది. ఇంకో దేశం నమూనాల సంగతి ఎత్తలేదు. నేను కూడా అడగలేదు.

ఫోన్ చేతిలో పట్టుకుని అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు. అందరి ముందూ ఏడ్చేశాను.

కోటేశ్వరరావు డబ్బా పట్టుకుని అన్నం చేత్తోనే లేచి వచ్చాడు. "ఏమైందమ్మగారూ? వెనక్కి పంపేశారా?"

తల అడ్డంగా ఊపాను. చల్లగా ఉన్న రెండు ప్రెస్సుల వైపూ చెయ్యి చూపించాను. అతనికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అన్నం డబ్బా అక్కడే పెట్టేసి, చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్ళి రెండింటికీ స్విచ్చి వేశాడు.